క్యాబ్ పార్కింగ్‌లో తిప్పతీగ రసం

కరోనా భయం పోయి రెండు మూడేళ్లయినా "ఇమ్యూనిటీ" అన్న మాట మాత్రం జనాన్ని వదలని రోజులవి. శంషాబాద్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లను చూసే విభాగంలో నేను నర్సుని. యాదయ్య పేరు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అతని మీద కాదు లెండి.

యాదయ్య ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. రెండు కిడ్నీలూ చెడిపోతే సొంత అక్క సత్తెమ్మ తనదొకటి ఇచ్చింది. అలా పెట్టిన కిడ్నీని ఒంట్లోని రోగనిరోధక శక్తి పరాయిదనుకుని దెబ్బతీస్తుంది. దాన్నే రిజెక్షన్ అంటాం. అది జరగకుండా ఆ శక్తిని కావాలనే తగ్గించి ఉంచే మాత్రలు జీవితాంతం వాడాలి. యాదయ్య ఒక్క పూట మానలేదు. మాస్కు లేకుండా బండెక్కేవాడు కాదు.

అలాంటివాడికి క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం అది. బయాప్సీ చేస్తే, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, రిజెక్షన్ మొదలైందని తేలింది.

"వేరే మందులేమన్న వాడుతున్నవా?" అని అడిగాను.

"ఒట్టు సిస్టర్, మీరిచ్చినయే."

పక్కనే ఉన్న సత్తెమ్మ అందుకుంది. "మరి రోజు పొద్దుగాల తాగుతున్నవు గద, ఆ పచ్చరసం ఏంది?"

"అది మందు గాదక్కా, తిప్పతీగ. ఆకే గదా!"

క్యాబులు వంతు కోసం ఆగే చోటికి ఒకడు స్కూటర్ మీద డబ్బా పెట్టుకుని వస్తాడట. ఏ దేశపోళ్లు ఏ రోగం మోసుకొచ్చి మీ బండిల కూసుంటరో, ఇది తాగితే ఏదీ దగ్గరికి రాదని డ్రైవర్లకు చెబుతాడట.

"నీకు ఇమ్యూనిటీ తక్కువుంటది, పైలం అని మీరే అంటిరి గద సిస్టర్," అన్నాడు యాదయ్య. "అందుకే అందరు ఒక గ్లాసు తాగితే నేను రెండు తాగిన."

వెంటనే వెళ్లి డాక్టరుకు చెప్పాను. కచ్చితంగా దానివల్లేనని చెప్పలేం కానీ, మాత్రలు అణచి ఉంచిన ఇమ్యూనిటీనే ఆ రసం లేపే ప్రమాదముందని ఆయన చెప్పి అప్పుడే మాన్పించారు.

తిప్పతీగ మీద నాకేం పగ లేదు. మా నాయనమ్మ జ్వరానికి కాడ దంచి కషాయం కాచేది. అదైనా ఒకటి రెండు పూటలే, మనిషిని చూసి ఇచ్చేది. జ్వరం దిగితే దాని ఊసే ఎత్తేది కాదు. నెలల తరబడి రోజూ పట్టించడం ఎక్కడి సంప్రదాయం? అలా తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు షుగరు మరీ పడిపోవచ్చు.

ఉండబట్టలేక డ్యూటీ దిగి పార్కింగ్‌కు వెళ్లాను. ఆ రసం అమ్మేవాడు అక్కడే ఉన్నాడు.

"తాగేటోళ్లకు ఏ జబ్బులున్నయో అడుగుతున్నవా?"

"ఇది మందు గాదక్కా, ఆకు. సైడ్ ఎఫెక్టే ఉండది."

"మందు గాకపోతే డబ్బా మీద షుగరు, కీళ్లనొప్పులు, జ్వరం అని ఎందుకు రాసినవ్?"

వాడు నవ్వి ఇంకో డ్రైవర్‌కు గ్లాసు నింపాడు. సిగ్గుండాలి! అమ్మేటప్పుడు సర్వరోగాలకూ మందు, అడిగితే ఉత్త ఆకు!

నరంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక యాదయ్య క్రియాటినిన్ దిగింది. కిడ్నీ దక్కింది గానీ మునుపటంత బాగా లేదు.

ఇప్పుడు నేను మందుల గురించి అడిగి ఊరుకోను. ఏం తాగుతున్నరు, ఏం నములుతున్నరు, ఎవరేం పొడి ఇచ్చిన్రు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. "ఆకే గదా సిస్టర్," అని ఎవరైనా అంటే, డిశ్చార్జి రోజు సత్తెమ్మ అన్న మాట చెబుతాను. తప్పయిందని తల దించుకున్న తమ్ముడి ముందు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని అందామె:

"నన్నడగకుంట ఇగ ఏం తాగకు తమ్మీ. మళ్ల ఇద్దమంటే నాకు గూడ ఒక్కటే ఉన్నది."