గౌరీశ్వరి రాసిన నలభై నాలుగో సన్మాన పత్రం

ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే గౌరీశ్వరి ఒక పొరపాటు చేసింది. అది 1971. విశ్వవిద్యాలయంలో ఎవరో ప్రముఖుడికి సన్మానం పెట్టుకున్నారు. పత్రం రాయాల్సిన పెద్దాయన జ్వరంతో పడ్డాడు. తెలుగు శాఖంతా తలపట్టుకుని కూర్చుంటే, కొత్తగా వచ్చిన ఈ పిల్ల "నేను రాస్తాను లెండి" అంది. అరగంటలో రాసిచ్చింది కూడా. ఇంకేముంది, దొరికిపోయింది! ఆనాటి నుంచి విశాఖపట్నంలో ఎవరి మెడలో దండ పడాలన్నా గౌరీశ్వరి కలం కదలాల్సిందే. పోర్టులో రిటైరయ్యే అధికారులు, వన్ టౌన్ హోల్‌సేల్ వర్తకులు, దారిన పోయే మంత్రులు, ఒకరా ఇద్దరా! పదమూడేళ్లలో నలభై మూడు పత్రాలు రాసింది. అందులో సగం మంది ముఖం కూడా ఆమెకు తెలియదు. అందరూ దానకర్ణులే.

సన్మాన పత్రానికి ఒక పద్ధతుంది. "విద్యావరేణ్యా!" అనో "సహృదయ శిఖామణీ!" అనో ఒక పిలుపు, దాని కింద నాలుగు వాక్యాలు, మళ్లీ ఇంకో పిలుపు. చదివేవాళ్లు పిలుపు దగ్గర గొంతు పెంచి ఒక్క క్షణం ఆగుతారు. సభ చప్పట్లు కొడుతుంది. కుర్చీలో ఉన్న పెద్దమనిషి దండ సర్దుకుంటూ నమస్కారం పెడతాడు. కింది నాలుగు వాక్యాలూ వినే పాపాన ఎవరూ పోరు.

క్లాసులో మాత్రం ఆవిడ వేరే మనిషి. ప్రబంధంలో ఒక పద్యం చెబితే కిటికీల దగ్గర సైన్సు పిల్లలు కూడా నిలబడేవారు. ఎదురు ప్రశ్న వేయని విద్యార్థి అంటే ఆమెకు ఒళ్లు మంట. "నేను చెప్పానని నమ్మకండి, పుస్తకం తెరిచి చూసుకోండి" అనేది. వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి ఎం.ఏ. దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. 1979లో రీడరయింది. ప్రొఫెసర్ పోస్టుకు రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లింది, రెండుసార్లూ ఎవరికో పోయింది. ఆమె దగ్గర చదివినవాడికే ఒకసారి ఇచ్చారు, సిగ్గు లేకపోతే సరి. ఆ కుర్చీ కావాలని గౌరీశ్వరికి ఉండేది. ఎందుకుండకూడదు? ఆమె సంపాదించుకున్నదే కదా.

1984 మార్చిలో మూడో ఇంటర్వ్యూ. దానికి వారం ముందు శాఖాధిపతి సీతారామాంజనేయులు ఆమెను గదిలోకి పిలిచారు. కృష్ణా జిల్లా మనిషి, మెత్తని మనసు, అంతకంటే మెత్తని వెన్నెముక.

"అమ్మా, ఈసారి పోస్టు మీదేనని నాకు నమ్మకం. చిన్న పనుంది. కొత్త ఆడిటోరియం కట్టించిచ్చిన కాంట్రాక్టరు గవర్రాజు గారికి గురువారం సన్మానం. పత్రం మీరే రాయాలి, మీరే చదవాలి. పైవాళ్లు మీ పేరే చెప్పారు."

గవర్రాజు పేరు వినగానే గౌరీశ్వరికి చెవులు గింగుర్లెత్తాయి. ఆరేళ్ల కిందట స్టీల్ ఫ్యాక్టరీ కోసం పోయిన ఊళ్లలో ఆమె ఊరూ ఒకటి. ఊరు పోతుందని అందరికీ తెలుసు, ఒప్పుకున్నారు కూడా. నేల చదును చేసే కాంట్రాక్టు ఈయనది. చేను కోతకొచ్చింది, ఎనిమిది రోజులు ఆగండి చాలు అని అడగడానికి వెళ్లినవాళ్లలో గౌరీశ్వరి ఉంది. ఆయన జీపు దిగలేదు.

"రాస్తాను. కానీ మీరొకసారి చూడాలి సార్" అంది.

"మీరు రాసినదాన్ని నేను దిద్దేదేముంటుందమ్మా! నేరుగా అచ్చుకిచ్చెయ్యండి."

ఇంటికి వెళ్లి తల్లికి చెప్పింది. నారాయణమ్మ చోడిపిండి, అదే రాగిపిండి, జల్లిస్తోంది. జల్లెడ ఆపి కూతురి వంక చూసింది.

"ఆడికా? ఆడికేటి రాత్తావే?"

"జరిగింది రాత్తానమ్మా."

"పెద్ద ఉజ్జోగం పోద్దేమో."

"పోతే పోనీ. నలభై మూడు అబద్ధాలు రాసినాను, ఒక్క నిజం రాయనేనా?"

నారాయణమ్మ మళ్లీ జల్లెడ అందుకుంది. "అయితే ఏదీ ఒగ్గీయకు, అన్నీ రాసీ" అంది.

వన్ టౌన్ సందులో ప్రెస్సుంది. అక్కడ అక్షరాలు కూర్చే అప్పలసూరి ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"అమ్మగారూ, ఇది అచ్చు కొట్టీమంతారా?"

"కొట్టీ. చుట్టూ పూల అంచు కూడా పెట్టు."

"ముప్పై ఏళ్ల నుండి ఇయ్యే కొడతన్నాను. ఒకటీ సదవనేదు. ఇది సదివినాను" అని, ఉన్నవాటిలో పెద్ద టైపు తీశాడు.

గురువారం సాయంత్రం ఆడిటోరియం కిటకిటలాడింది. శాలువా అయింది, దండ అయింది. గౌరీశ్వరి లేచి పత్రం అందుకుంది.

"గవర్రాజు గారూ!" అని ఆగింది. పిలుపు కదా, చప్పట్లు మారుమోగాయి. ఆయన నమస్కారం పెట్టాడు. "మా ఊరి వరి చేలు కోతకు ఎనిమిది రోజులుండగా వాటి మీద బుల్డోజర్లు నడిపించినవారు మీరు. ఆగమని ఊరంతా అడిగితే జీపు దిగనివారు మీరు."

ఎవరూ కదల్లేదు. వింటే కదా!

"నవీన నిర్మాతా!" మళ్లీ చప్పట్లు, మళ్లీ నమస్కారం. "ఉదయం ప్రార్థన వేళ మా బడి గోడ కూల్పించినవారు మీరు. పిల్లలు పలకలు పట్టుకుని ఎండలో నిలబడి చూశారు."

ఈసారి వెనక బెంచీల్లో చప్పుడాగింది. హాస్టల్ కుర్రాళ్లు మెడలు సాచారు. ముందు వరుసలో పెద్దలు మాత్రం చేతులు సిద్ధంగా పెట్టుకుని తర్వాతి పిలుపు కోసం చూస్తున్నారు.

"కార్యదక్షా!" ముందు వరుస చప్పట్లు కొట్టింది. గవర్రాజు సగం లేచి మరీ దణ్ణం పెట్టాడు. "మా మామ్మ అసిరమ్మ గుమ్మం వదిలి రానంటే, నులకమంచంతో సహా ఎత్తించి రోడ్డు పక్కన దింపించినవారు మీరు. మూడోనాడు ఆమె ఆ రోడ్డు పక్కనే కన్నుమూసింది."

గవర్రాజు చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. గౌరీశ్వరి చివరి వాక్యం దాకా చదివి, ఫ్రేము కట్టిన పత్రాన్ని ఆయన ఒళ్లో పెట్టి, మెట్లు దిగి నడిచి వెళ్లిపోయింది. వెనక బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి.

సోమవారం ఇంటర్వ్యూ. బల్లకు అవతల ఐదుగురు, అందులో సీతారామాంజనేయులు ఒకరు. సాహిత్యం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"మీ అర్హతల్లో లోపమేమీ లేదమ్మా. ఆ పత్రం విషయంలో క్షమాపణ రాసిచ్చెయ్యండి, సరిపోతుంది."

"తప్పకుండా రాస్తాను" అంది గౌరీశ్వరి. సంచిలోంచి పత్రం ప్రతిని తీసి బల్ల మీద పెట్టింది. పక్కన ఎర్ర పెన్సిల్ పెట్టింది. "ఇందులో అబద్ధమైన వాక్యం కింద గీత గీయండి. ఎన్ని గీతలుంటే అన్ని క్షమాపణలు."

కాగితం చేతులు మారింది. ఒకాయన కళ్లజోడు సర్దుకుని పక్కాయనకిచ్చాడు. పక్కాయన చూడనైనా చూడలేదు. సీతారామాంజనేయులు పెన్సిల్ చేతిలోకి తీసుకున్నారు, చాలాసేపు కాగితం వైపే చూశారు, తల దించుకుని పెన్సిల్ కింద పెట్టేశారు.

"నిజమా అబద్ధమా అని కాదు, సందర్భం అనేది ఒకటుంటుంది" అన్నాడు అధ్యక్షుడు.

"మా ఊళ్లోకి బుల్డోజర్లు సందర్భం చూసుకుని రాలేదండీ" అని కాగితం తీసుకుని లేచింది. పదకొండు గంటలకు ఆమెకు క్లాసుంది. వెళ్లి పాఠం చెప్పింది.

ఆ పోస్టు ఇంకొకాయనకిచ్చారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే గౌరీశ్వరికి ఏడుపు ఆగలేదు. పదమూడేళ్ల చాకిరీ, ఎందుకాగుతుంది? నారాయణమ్మ ఓదార్చలేదు. చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ కాయితం ఏదీ? నాకు సదివి ఇనిపించు."

గౌరీశ్వరి కళ్లు తుడుచుకుని మొదటి నుంచీ చదివింది. చదువు రాని నారాయణమ్మ ప్రతి మాటా విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"మా అత్త పేరున్న కాడ మళ్లీ సదువు."

గౌరీశ్వరి మళ్లీ చదివింది.