కట్టు కట్టించిన నాలుగు నెలలు

మా వీధిలో బట్టలు కుట్టే అక్క పోయిన సోమవారం ఉదయం కన్నుమూసింది. అరవై ఒకటో ఏడు. కుడి తొడ ఎముకలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది.

నేను ఎర్రగుంట్లకు కాపురానికి వచ్చిన కొత్తలో జాకెట్టు కుట్టడం నేర్పింది ఆమే. ఒక్క కుట్టు పక్కకు పోయినా మొత్తం విప్పించేది. "విప్పేదానికి సిగ్గుపడితే కుట్టేది రాదు మే" అనేది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో మోకాలి పైన నొప్పి అంది. ముప్పై ఏళ్ళు మిషన్ తొక్కిన కాలు. వేరే కారణం ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

"తొక్కి తొక్కి అరిగింటాదిలే అక్కా" అన్నాను.

"అరిగేదానికి ఇదేమన్నా సబ్బా? కూర్చున్నా నొస్తాది, పండుకున్నా నొస్తాది."

ఆ మాట నేను పట్టించుకోలేదు. కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి వెదురుబద్దలతో కట్టాడు. వారం వారం మార్పిస్తూ నాలుగు నెలలు గడిపాం. వాపు గట్టిపడ్డాక గానీ కర్నూలులో ఎముకల డాక్టరు దగ్గరికి పోలేదు.

ఎక్స్‌రే, ఎముకలోంచి ముక్క తీసి చేసే పరీక్ష అయ్యాక ఆయన ఏదీ దాచలేదు. ఇది ఎముక క్యాన్సరని, పెద్ద వయసులోనూ వస్తుందని, ఈ వయసులో ఒళ్ళు మందులకు తట్టుకోవడం కష్టమని, ఎంత తొందరగా దొరికితే అంత మేలని చెప్పాడు.

"కాలు తీస్తే బతుకుతానా సారూ?"

"గట్టిగా చెప్పలేనమ్మా. తీయకపోతే మాత్రం ఆశ తక్కువ."

"అయితే తీయండి. ఇంకొకటి ఉండాది కదా."

కాలు తీశారు. మందులు సగంలోనే ఆపాల్సివచ్చింది. ఏడాది తిరగకుండానే దగ్గు మొదలైంది.

నా వల్లే నాలుగు నెలలు పోయాయని ఒకరోజు ఏడ్చాను. "నువ్వేమన్నా ఎత్తుకపోయినావా మే? నేనే కదా నడిచొచ్చింది. ఏడ్చేది ఆపి ఆ సూదిలో దారం ఎక్కించు" అంది. ముందే కర్నూలుకు పోయుంటే బతికేదా అన్నది డాక్టరూ చెప్పలేదు, నాకూ తెలియదు.

అక్క కన్నుమూయడానికి వారం ముందు, పూలమ్మే ఆమె మోకాలు పట్టుకుని వచ్చింది. "కట్టు కట్టేటాయన యాడుంటాడక్కా?"

అక్క మంచం మీద లేచి కూర్చుంది. "కట్టూ వద్దు గిట్టూ వద్దు. ముందు ఎక్స్‌రే తీపించుకో. ఈ పొద్దే పో."

"పూలు వాడిపోతాయక్కా, రేపు పోతాలే."

"పూలు ఈడ పెట్టు. మేం అమ్ముతాం."

ఆమె కుంటుతూ ఆటో ఎక్కేదాకా అక్క కిటికీ ఊచ పట్టుకుని చూసింది. ఆ సాయంత్రం వీధిలో పోయేవాళ్ళను నేను పిలిచాను. అక్క దిండుకు ఆనుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ కనకాంబరాలు మూరలు కొలిచి ఇచ్చింది. ప్రతి మూరకూ నాలుగు వేళ్ళు ఎక్కువే కొలిచింది.