హనీఫా మేడమ్‌కు నచ్చని టైర్లు

హనీఫా మేడమ్‌కు నచ్చిన బస్సు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. రోజంతా మా బస్టాండుకు వచ్చిపోయే బస్సుల్లో సగానికి పైగా, ఆమె చేత ఏదో ఒక వంక పెట్టించుకోకుండా గేటు దాటేవి కావు. టైరు నచ్చదు. టైరు నచ్చితే అద్దం నచ్చదు. రెండూ నచ్చిన రోజున, రెండూ ఒకేసారి ఎలా బాగున్నాయని అనుమానం.

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ వైపు పోయే దారిలో మాది చిన్న బస్టాండు. ఆమె అక్కడ కంట్రోలర్. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది చూడటం, కండక్టరు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టి పంపడం ఆమె పని. ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం మా దగ్గర అదే మొదలు. తెలంగాణ వచ్చిన ఏడాదే ఆమె వచ్చింది. నా పుస్తకాల దుకాణం ఆమె గదికి ఎదురుగా ఉండేది కాబట్టి, రిటైరయ్యేదాకా ఆమెను రోజూ చూశాను. మొన్న చలికాలంలో ఆమె పోయింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గుణగణాలతో మొదలుపెట్టడం మర్యాద. ఆమె విషయంలో టైర్లతో మొదలుపెట్టకపోతే అబద్ధం రాసినట్టవుతుంది.

పొట్టి మనిషి. చీర మీద ఖాకీ కోటు, చేతిలో వెదురు కర్ర. బస్సు ఆగగానే గదిలోంచి బయటికి వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేది. వెనక టైరును కర్రతో తట్టి, తల ఒక పక్కకు వంచి వినేది. దవాఖానలో డాక్టరు రోగి వీపు మీద తట్టి విన్నట్టే ఉండేది.

"ఐలేశం, ఇదేమంటాంది?" అని డ్రైవరును అడిగేది.

"ఏమంటలేదు మేడమ్."

"అదే నా ఫికర్. రోజు ఏదో ఒకటి అనేది ఇయ్యాల ఎందుకు గమ్మున్నదని."

ఐలేశం స్టీరింగు మీద తల పెట్టుకునేవాడు. ఇంజను ఆపేవాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్లు మొదలుపెట్టేవాళ్ళు. ఆమె ఆ తిట్లను ఎండలో నిలబడి, వానలో తడిసినంత హాయిగా వినేది.

ఒకసారి ఐలేశం సరికొత్త బస్సుతో వచ్చాడు. ముందు అద్దానికి బంతిపూల దండ. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఈ రోజు మేడమ్ నోరు మూతపడుతుందని దారిపొడవునా చెప్పుకుంటూ వచ్చాడట.

"కొత్త బండేనా?" అంది ఆమె.

"ఫుల్లు కొత్తది మేడమ్. చూడుండ్రి, ఎట్ల మెరుస్తాందో!"

"గందుకే నమ్మకం లేదు. పాతదైతే దాని రోగమేందో నాకు తెలుస్తది. దీని రోగం ఇంక బయటపడలే. దిగు."

మరోసారి మండు వేసవిలో వైపర్ బాగాలేదని ఆపింది.

"మేడమ్, వాన పడి ఎన్ని నెలలైందో నీకెరుకేనా?" అన్నాడు ఐలేశం.

"వాన నీ పర్మిషన్ తీసుకొని వస్తదా?"

పెళ్ళికి పోతున్న ఒక పెద్దమనిషి ఆ రోజు బస్సులోంచి దూకినంత పని చేసి ఆమె మీదికి వచ్చాడు. "ఏమమ్మా, ముహూర్తం దాటిపోతాంది! జర సోయున్నదా?"

"పెండ్లికొడుకువు నువ్వేనా?"

"నేనెట్లైత? మేనమామను!"

"అయితే ఏం కాదు. నువ్వు లేకున్నా తాళి కడ్తడు. కూసో."

విచిత్రమేమిటంటే, బస్సుల మీద తప్ప ఆమెకు లోకంలో మరి దేని మీదా ఫిర్యాదు ఉండేది కాదు. మా బస్టాండులో యాకూబ్ చేసే చాయ్‌ని మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. అద్దె ఇంటి పైకప్పు కారుతున్నా "గాలి మంచిగొస్తది" అనేది. అన్ని బస్సుల మీదా కూడా ఆమెకు పగ లేదు. కొన్నిటిని కన్నెత్తి చూడకుండానే సంతకం పెట్టి పంపేది. దాని గుట్టేమిటో డ్రైవర్లకు అంతుపట్టేది కాదు. ఎర్ర బస్సులంటే పడదని ఒకడన్నాడు. మంగళవారం మంచిది కాదనుకుంటుందని ఇంకొకడన్నాడు. ఐలేశం మాత్రం బాగా ఆలోచించి ఒక సిద్ధాంతం తెచ్చాడు.

"గామెకు ఆడ కండక్టర్లంటే పడదే! చూడు, మొగ కండక్టరున్న బండి నిమిషం ఆగదు. ఆడపిల్ల ఉన్న బండికే అన్ని రోగాలుంటయ్. ఆ పిల్లలను సతాయించుడే ఆమె పని."

సిద్ధాంతం నాకూ నిజమే అనిపించింది. ఒక్కటే పొసగలేదు. ఆ ఆడపిల్లలకు ఆమె అంటే ప్రాణం. నారాయణపేట బస్సులో వచ్చే సుచరిత అనే కండక్టరు ఖాకీ కోటు చేతులు మేడమ్ లాగే మోచేతి దాకా మడిచేది. మేడమ్ లాగే పెన్ను చెవి వెనక పెట్టుకునేది. "నేను గూడ పరీక్ష రాసి కంట్రోలర్‌నైత" అని నా దుకాణంలో పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేసేది. మేడమ్ బస్సు ఆపినప్పుడల్లా బస్సంతా తిట్టేది, సుచరిత ఒక్కతే సంతకానికి కాగితం పట్టుకుని గదిలోకి నవ్వుకుంటూ పోయేది.

ఇట్లా సాగుతుండగా డిపోకు విజేందర్ అనే కొత్త మేనేజర్, అంటే డీఎం, వచ్చాడు. ఆయనకు ఆలస్యం అంటే పాము. వచ్చిన వారానికే హనీఫా మేడమ్‌కు ఫోన్ చేశాడు. బస్సుల రొదలో వినపడదని ఆమె ఎప్పుడూ స్పీకరు పెట్టేది కాబట్టి, ఆ మాటలు నాకూ యాకూబ్‌కూ కూడా వినపడ్డాయి.

"మేడమ్, మన బండ్లన్ని మీ స్టాండు దాకా టైముకే వస్తున్నయ్. మీ స్టాండు దాటినంక లేటైతున్నయ్. ఎందుకు?"

"టైర్లు మంచిగుంటలేవు సార్."

"టైర్లు చూసేతందుకు మెకానిక్కులున్నరు. ఇంకొక్క బండి మీరు ఆపినట్టు తెలిస్తే, డిపో స్టోరుల కూసోబెడ్త. అక్కడ నట్లు బోల్టులకు వంకలు పెట్టుకోండ్రి."

స్టోరు అంటే డిపో వెనక రేకుల షెడ్డు. బస్సు కనపడదు, మనిషి కనపడడు. యాకూబ్ చాయ్ తెచ్చి ముందు పెట్టాడు.

"ఆపా, నా మాట విను. జర నాలుగు దినాలు కండ్లు మూసుకో. టైర్లెక్కడికీ పోవు."

"యాకూబ్, నీ చాయ్ తాగేటప్పుడు మూసుకుంటనే ఉన్న గదా. అన్నిటికీ మూసుకుంటే ఎట్లరా?"

తెల్లవారి ఏం చేస్తుందోనని బస్టాండంతా చూసింది. దేవరకొండ నుంచి మొదటి బస్సు వచ్చింది. కండక్టరు కొత్తపిల్ల. మేడమ్ కర్ర పట్టుకుని లేచింది. తట్టింది. తల వంచింది. "బంద్ చెయ్" అంది. ఇక ఆమె స్టోరుకు పోవడం ఖాయమని యాకూబ్, నేనూ అనుకున్నాం. ఆమె కుర్చీలోకి ఎవరు వస్తారన్న దాని మీద డ్రైవర్లు అప్పుడే చర్చ మొదలుపెట్టారు.

మేనేజర్ విజేందర్ ఈసారి ఫోన్ చేయలేదు. కళ్ళారా చూసి పట్టుకోవాలని తానే బయలుదేరాడు. వచ్చి ఎన్నో రోజులు కాలేదు కాబట్టి మా దగ్గరా, బస్సువాళ్ళకూ ఆయన ముఖం తెలియదు. మామూలు చొక్కా వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుని, నల్గొండలో నారాయణపేట బస్సెక్కాడు. డ్రైవరు ఐలేశం, కండక్టరు సుచరిత. ఎండ మండిపోతోంది. ఎక్కేముందు రెండు పెద్ద గ్లాసుల చెరుకు రసం తాగాడు. ఎక్కాక సీసాడు మజ్జిగ తాగాడు. దారిలో జరిగింది తర్వాత సుచరిత చెప్పింది.

సగం దారి వచ్చేసరికి ఆయన కాలు మీద కాలు వేశాడు. తర్వాత ఆ కాలు మీద ఈ కాలు వేశాడు. తర్వాత ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. చివరికి సుచరితను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, బండి జరంతసేపు ఆపుతరా?"

"ఎందుకు సార్?"

చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు చూస్తున్నారు. "ఊకెనే" అన్నాడు.

"ఊకెనే ఎట్ల ఆపుతం సార్? కొత్త డీఎం సారొచ్చిండు. నిమిషం లేటైతే మెమో ఇస్తడట. మస్తు కరుకు మనిషి."

ఆయన మళ్ళీ కమ్మీని పట్టుకున్నాడు.

బస్సు మా స్టాండులో ఆగగానే అందరికంటే ముందు దిగి నా దుకాణం దగ్గరికి వచ్చాడు. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. "బాత్రూం ఎక్కడన్నా?"

"ఆ కొసకు, నీళ్ళ ట్యాంకు ఎనుక. కాని బండి ఇక్కడ రెండు నిమిషాలే ఆగుతది. పోయి వచ్చుడు కాదు."

ఆయన ట్యాంకు వైపు చూశాడు. బస్సు వైపు చూశాడు. ఇంజను ఆడుతూనే ఉంది, ఐలేశం హారన్ కొట్టాడు. అప్పుడు హనీఫా మేడమ్ గదిలోంచి కర్రతో బయటికి వచ్చింది. ఒక మనిషి, తాను ఏ తప్పును పట్టుకోవడానికి వచ్చాడో ఆ తప్పే జరగాలని అంత ఆశగా ఎదురుచూడటం నేను మళ్ళీ చూడలేదు.

ఆమె చుట్టూ తిరిగింది. వెనక టైరును తట్టింది. విన్నది.

"ఐలేశం, బంద్ చెయ్. ఈ టైరు నాకు నచ్చలే."

తువ్వాల ఊడిపోతున్నా పట్టించుకోకుండా ఆయన ట్యాంకు వైపు పరిగెత్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు నిదానంగా, లోకం మీద దయతో నడుస్తూ వచ్చాడు. అదే సమయానికి సుచరిత మేడమ్ గది వెనక తలుపులోంచి ముఖం తుడుచుకుంటూ వచ్చింది. ఆమె చేతిలోని తాళంచెవిని, అప్పుడే పక్కన ఆగిన దేవరకొండ బస్సు కొత్తపిల్ల అందుకుని లోపలికి పోయింది. ఆ గది వెనక పాత సామాన్ల కొట్టు ఉండేది. మేడమ్ వచ్చిన కొత్తలో దాన్ని ఖాళీ చేయించి, బాత్రూం చేయించి, తాళం వేసింది. తన సొంతానికేనని మేమంతా అనుకున్నాం.

ఆయన నా దుకాణం ముందే ఆగిపోయి సుచరితను అడిగాడు. "టైరుకు రోజూ గిట్లనే అయితదా?"

సుచరిత అటూ ఇటూ చూసి నవ్వింది. "మీకు తిప్పలైంది, చెట్టు చాటు చూసుకుందామని బండి ఆపమన్నరు. డ్రైవరన్న గూడ బండి ఆపుకొని చాటుకు పోతడు. నేనెట్ల ఆపాలె సార్? పొద్దుగాల నుంచి నీళ్ళు తాగకుండ ఎంతసేపుండాలె? నాకోసం ఆపమంటే బండంత నన్ను చూసి నవ్వుతది, లేటైందని తిడ్తది. అదే మేడమ్ టైరును తిడితే, జనం మేడమ్‌ను తిడ్తరు. నా పేరు ఎవ్వరెత్తరు. ఎవరికీ చెప్పొద్దన్నది, మీరు గూడ చెప్పకుండ్రి. ఎక్కుండ్రి ఇగ."

అంతలో బస్సులోంచి ఒకాయన అరిచాడు. "ఈ మేడమ్ మీద కంప్లైంట్ చెయ్యాలె! ఎవరికన్నా డీఎం నంబరు ఎరుకేనా?"

తువ్వాలాయన హనీఫా మేడమ్ ముందుకు పోయి నిలబడ్డాడు. "మేడమ్, బండెందుకు ఆపిన్రు?"

ఫోనులో విన్న గొంతు. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. కర్ర గోడకు ఆనించి నిటారుగా నిలబడింది. "టైరు మంచిగలేదు సార్. మీరు స్టోరుకు పొమ్మంటే రేపటి సంది పోత."

సుచరిత చేతిలోని టికెట్ల మిషన్ కింద పడబోయి ఆగింది. ఐలేశం సీటులోంచి లేచి నిలబడ్డాడు.

విజేందర్ వంగి వెనక టైరును చూశాడు. చేత్తో తట్టాడు. అంత మంచి టైరు ఆ డిపోలో ఇంకొకటి ఉండి ఉండదు. ఆయన లేచి బస్సు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు.

"డీఎంను నేనే. మేడమ్ కరెక్టుగ చెప్పింది. ఈ టైరు నాకు గూడ నచ్చలే."

కంప్లైంట్ అన్న ఆయన తల కిటికీలోంచి లోపలికి లాక్కున్నాడు. ఆయన యాకూబ్ దగ్గర చాయ్ తాగి, ముఖం ఒకలా పెట్టి, గ్లాసు సగంలోనే దించాడు.

తర్వాతి నెల నుంచి మా స్టాండులో ప్రతి బస్సూ చాలినంతసేపు ఆగాలని ఉత్తర్వు వచ్చింది. కారణం 'టైర్ల తనిఖీ' అని రాశారట. తనిఖీ చేయాల్సిన అవసరం మాత్రం హనీఫా మేడమ్‌కు ఆ రోజుతో తీరిపోయింది.

ఉత్తర్వు వచ్చిన రోజు ఐలేశం బండి వచ్చేసరికి, ఆమె గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. లేవలేదు. ఐలేశం కాసేపు ఎదురుచూసి, దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నా బండి చూడవా?"

"చూసిన. మంచిగున్నది."

"మంచిగున్నదా?"

"మస్తుగున్నది. పో."

ఐలేశం ముఖం పాలిపోయింది. బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరునూ చేత్తో నొక్కి చూశాడు. కిందికి దూరి చూశాడు. మనసు ఒప్పక, బజారు చివర ఉండే మెకానిక్ బీరప్పను పిలిపించాడు. ఏమీ లేదని బీరప్ప ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ రోజు ఆ బస్సు మా స్టాండు నుంచి కదిలేసరికి, మేడమ్ ఏనాడూ చేయనంత ఆలస్యం అయింది.