ఆపరేటర్ గారి హోమ్ థియేటర్

ఆపరేటర్ గారంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. హాలు మూతపడి, మెషీన్లు పాత ఇనుము కింద పోయినా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎవరింట్లో టీవీ గొంతు బొంగురుపోయినా ఆయనకే కబురు. వచ్చి, తల ఓ పక్కకి వంచి విని, "కొంచెం బేస్ తగ్గించండి" అనేవాడు. ఏ టీవీకైనా అదే మందు. ఒక్కోసారి పనిచేసేది కూడా.

అలాంటి మనిషి సొంతింటికి హోమ్ థియేటర్ కొంటుంటే సలహా చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? బావమరిదికి ఉంది. ఫోన్లో వీడియోలు చూసి చూసి, వారం రోజులుగా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

అసలు కొనడమెందుకంటే, భార్యకు మాటిచ్చాడు కనుక. పెళ్లయిన కొత్తలో ఆవిడ అడిగింది, ఒక్క సినిమా తన పక్కన కూర్చుని చూడమని. ఆయన ఉండేది పైన క్యాబిన్లో, ఆవిడ కింద సీట్లో. "రిటైరవ్వనీ" అన్నాడు. ఆయనకంటే ముందు హాలే రిటైరయింది. ఇంకో హాలుకి వెళ్దామంటే, "మన హాలులా ఉండదండీ" అని ఆవిడ కదల్లేదు. సరే, ముందుగదినే మన హాలు చేసేద్దాం, ఆవిడ అన్నేళ్లు కింద కూర్చుని విన్న ఆ సౌండే తెచ్చి పెడదాం, అప్పుడు పక్కన కూర్చుందాం అని ఆయన పట్టుదల. ఈ ఒక్కటీ సరిగ్గా చెయ్యకపోతే తన ఉద్యోగమంతా దండగే అనిపించింది ఆయనకి.

షాపులో అద్దాల తలుపు వెనక ఒక గది. గోడల నిండా స్పీకర్లు, మధ్యలో ఒక సోఫా. భార్యను సోఫాలో కూర్చోబెట్టి, తను, బావమరిది వెనక నిలబడ్డారు. సేల్స్‌మ్యాన్ మొదలుపెట్టాడు.

"ఇది రిసీవర్ సార్. సౌండ్‌ని విడదీసి ఏ స్పీకర్‌కి పంపాల్సింది దానికి పంపుతుంది. ఇది ఐదు పాయింట్ ఒకటి, అది ఏడు పాయింట్ రెండు."

"ఏడు తీసుకో బావా, రేపెప్పుడైనా పనికొస్తుంది," అన్నాడు బావమరిది.

"రేపు చెవులేమైనా కొత్తగా మొలుస్తాయా?" అన్నాడు ఆపరేటర్.

"ఆ పాయింట్ ఒకటి ఏంటండీ, పదో వంతు స్పీకరా?" అని భార్య అడిగింది.

అంతే అన్నట్టు ఆపరేటర్ గంభీరంగా తలాడించాడు.

"కాదమ్మా, అది సబ్ వూఫర్. గుండెల మీద గుద్దినట్టుండే శబ్దాలన్నీ దానివే," అన్నాడు సేల్స్‌మ్యాన్. ఆడుతున్న తల సగంలో ఆగిపోయింది.

తర్వాత ఓమ్‌లు వచ్చాయి. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లయితే ఫరవాలేదట, నాలుగైతే రిసీవర్ వేడెక్కుతుందట. తక్కువైతే వేడెక్కడమేమిటో ఆయనకు ఎంతకీ బోధపడలేదు. అడిగితే పరువు పోతుంది. అడక్కపోతే రిసీవర్ పోతుంది.

"ఇంక వినండి సార్. మీ చెవి ముందు మేమెంత? ఏది బాగుందో మీరే చెప్పాలి."

ఒకే సీను మూడు సెట్ల మీద వేశాడు. మొదటిదాంట్లో వాన చినుకు చినుకుగా వినిపించింది. రెండోదాంట్లో వెనక తలుపు కిర్రుమంటే నిజమనుకుని ఆపరేటర్ తిరిగి చూశాడు. మూడోదాంట్లో హీరో ఊపిరి కూడా తెలిసింది. మూడూ తప్పుగానే ఉన్నట్టనిపించింది. ఏదో లేదు. ఏం లేదో తెలియడం లేదు. "మళ్లీ వెయ్యి" అన్నాడు. మళ్లీ వేశాడు. బుర్ర ఇంకా గజిబిజి అయింది.

అప్పుడు తట్టింది. ఆయన సినిమాలన్నీ విన్నది క్యాబిన్ గోడకున్న అరచేయంత స్పీకర్లోంచి, అదీ మెషీను రొదలో, తలుపు మూసుకుని. హాల్లో సౌండ్ చెడితే కింద జనం అరిచేవారు. ఆ అరుపుల్ని బట్టి సర్దేవాడు. అంతే తప్ప, తను పంపిన సౌండ్ కింద ఎలా ఉండేదో ఒక్కనాడూ కూర్చుని వినలేదు.

బావమరిది సేల్స్‌మ్యాన్‌ని పట్టుకుని అవతలి గదిలోకి, ఇంకా పెద్దవి చూడ్డానికి పోయాడు. అదే సందని ఆయన భార్య దగ్గరికి వంగాడు.

"నాకు తెలీదే."

"ఏది?"

"మన హాల్లో సినిమా ఎలా వినపడేదో. ఇన్నాళ్లూ తెలిసినట్టే తిరిగాను. నువ్వైతే కింద కూర్చున్నదానివి. వీటిలో ఏది మన హాలులా ఉందో నువ్వే చెప్పు."

ఆవిడ చేతిసంచీ పట్టీ సర్దుకుంది. "నాకూ తెలీదండీ," అంది.

"అదేంటి? ప్రతి సినిమాకీ వచ్చేదానివిగా."

"నేను కూర్చునేది ఆఖరి వరసలో, మీ కిటికీ కింద. పైనుంచి మీ మెషీను మోతే. మాటలు సగం తెలిసేవి కావు."

"మరి ముందుకెళ్లి కూర్చోవాల్సింది. అక్కడ బాగా వినపడేదిగా."

"ముందుకెళ్తే మీరు వినపడరుగా," అంది ఆవిడ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు.

అన్నేళ్లూ తను ఒంటరిగా పనిచేశాననే అనుకున్నాడు ఆపరేటర్. సంతోషమో సిగ్గో తేల్చుకోలేకపోయాడు.

సేల్స్‌మ్యాన్ వచ్చాడు. "ఏది ఖాయం చేద్దాం సార్?"

"ఇంకోసారి వెయ్యి బాబూ. ఈసారి సీను కాదు, సినిమా మొదట్నుంచీ."

"దేని మీద వెయ్యమంటారు సార్?"

"దేని మీదైనా సరే," అంటూ ఆయన సోఫా చుట్టూ తిరిగొచ్చి, ఆవిడ పక్కన కూర్చున్నాడు.