అన్నం తిన్నాక కాదు, అన్న వచ్చాక

“నొప్పి మళ్ళీ వస్తే ఏం చెయ్యనక్కా?” అంది నాగమణి రిక్షా ఎక్కుతూ.

“వస్తే రా. రాకపోతే ఈ ఛాయలకే రాకు,” అన్నాను.

మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. నవ్వింది. రిక్షా స్టేషను వైపు తిరిగింది. నేను లోపలికెళ్ళి ఆమె మంచం మీది దుప్పటి తీసి బకెట్లో వేశాను.

అది 1969. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరి నాకు నాలుగో ఏడు. మా ఆయన పోయాక ఆ పనిలో చేరాను. సంతకం పెట్టడం, అంకెలు గుర్తుపట్టడం తప్ప చదువు లేదు. ఇదంతా నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు భారతి రాస్తోంది.

ఆయా పనంటే ఊడ్చి తుడవడమే అనుకుంటారు. మంచం దిగలేనివాళ్ళకి బెడ్‌పాన్ పెట్టాలి. ఆపరేషనుకి ముందు ఎనిమా ఇవ్వాలి, అంటే రబ్బరు గొట్టంతో సబ్బునీళ్ళు ఎక్కించి పేగు ఖాళీ చేయించాలి. డాక్టరు ఒక మనిషిని ఐదు నిమిషాలు చూస్తారు. మేం పగలంతా చూస్తాం.

నాగమణి పుట్టిల్లు రేపల్లె, అత్తవారిల్లు బాపట్ల. పంతొమ్మిదేళ్ళుంటాయి. ఆర్నెల్లుగా కడుపునొప్పి. బాపట్లలో కషాయాలు తాగించారు, తాయెత్తు కట్టించారు, బొడ్డు జారిందని ఆముదం రాసి తోమించారు. ఏదీ పనిచేయక అత్తగారు తెనాలి తెచ్చి చేర్పించింది. ఇక్కడ మోషన్ పరీక్ష చేశారు, పురుగుల్లేవు. బేరియం మీల్ అని సున్నపునీళ్ళలాంటి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు, పుండూ లేదు. అట్లాగని నటన అనడానికీ లేదు. నొప్పి వచ్చిందంటే ముడుచుకుపోయి, చెమటలు పట్టి, పెదవి నెత్తురొచ్చేలా కొరుక్కునేది.

డాక్టరుగారు ఏది అడిగినా అత్తగారే జవాబు.

“నొప్పి ఎక్కడమ్మా?”

“బొడ్డు చుట్టూతానండి.”

“అన్నం తిన్నాక వస్తుందా, తినకముందా?”

“తిన్నాకేనండి. అయినా ఇది తినేదేముందండి, పిచ్చుక తిన్నట్టు కెలుకుద్ది.”

నాగమణి గోడకేసి చూస్తూ ఉండేది.

వారం గడిచింది. సోమవారం కడుపు కోసి చూద్దామన్నారు డాక్టరుగారు. దాన్ని లాపరాటమీ అంటారు. లోపలేముందో బయటి నుంచి తెలియనప్పుడు తెరిచి చూడటం. అప్పుడు స్కానింగులు లేవు మరి. అట్లా ఆపరేషను గదిలోకెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చి మంచమెక్కలేదు. నా చేతులతో కళ్ళు మూసినవాళ్ళు ఉన్నారు. అందుకే ఆ పిల్లని ఇంకాస్త గమనించాను.

ఆమె అన్న రోజు విడిచి రోజు రేపల్లె బండికి వచ్చేవాడు. ఇంకా పెళ్ళికానివాడు, నెమ్మదస్తుడు. అరటిపళ్ళు తెచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. అతను కూర్చున్న పావుగంటకల్లా నొప్పి మొదలయ్యేది. అతను రాని రోజున రెండు పూటలా తిన్నా నొప్పి లేదు.

శనివారం ఆగలేక చెప్పాను. “డాక్టరుగారండీ, ఆ పిల్లకి నొప్పి అన్నం తిన్నాక రావట్లేదండి. అన్న వచ్చాక వస్తోందండి.”

“ఏంటి వీరమ్మా, నువ్వెప్పుడు ప్రాక్టీసు పెట్టావు?” అని నవ్వి వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం ఎనిమా. ఆ గదిలోకి బంధువుల్ని రానివ్వం. అత్తగారు పక్కన లేకుండా ఆ పిల్ల నాకు దొరకడం అదే మొదలు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గొట్టం పెట్టి, “మీ అన్నంటే భయమా?” అన్నాను.

“భయమెందుకక్కా, మా అన్నంటే నాకు ప్రాణం,” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

“మరి మీ అత్త ఏమన్నా అందా?”

తలూపింది. నేనేదో తెలిసినదానిలా, “అత్తలన్నాక అంటారమ్మా. కడుపులో పెట్టుకోవాలి,” అన్నాను.

గొట్టం లాగేసి లేచి కూర్చుంది. నీళ్ళన్నీ నా చీర మీద పడ్డాయి.

“నువ్వూ అదే మాటా! ఆర్నెల్ల నుంచి పెట్టుకున్నాగా కడుపులో. రేపు కోసినప్పుడు దాన్నీ తీసెయ్యమను!”

అప్పుడు చెప్పింది. వాళ్ళది కుండమార్పిడి సంబంధం. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి తెచ్చుకోవడం. నాగమణిని బాపట్ల ఇచ్చారు, ఆమె ఆడపడుచుని అన్నకి చేసుకోవాలి. కాపురానికెళ్ళిన కొత్తలోనే ఆ ఆడపడుచు మూర్ఛ వచ్చి పొయ్యి దగ్గర పడిపోవడం నాగమణి చూసింది. అత్తగారు చెయ్యి పట్టుకుని చెప్పిందట: “ఈ మాట నీ కడుపులో పెట్టుకో. బయటికొస్తే దాని పెళ్ళీ ఆగుద్ది, నీ కాపురమూ ఆగుద్ది.”

అన్నేమో బాపట్ల వచ్చినా, ఇక్కడికొచ్చినా, “మీ ఆడపడుచు ఎట్టాంటిదే? నోరు గలదా?” అని సంబరంగా అడిగేవాడు. చెబితే కాపురం పోతుంది, చెప్పకపోతే అన్న గొంతు కోసినట్టు.

“కోయించుకుంటావా, చెబుతావా?” అన్నాను.

“కోయించుకోవడమే తేలికక్కా.”

ఆ జవాబు విని నాకు భయమేసింది. “నా నోటినుంచి రాదు. నువ్వే డాక్టరుగారికి చెప్పు. మీ అత్తని బయటికి తీసుకుపోయే పూచీ నాది,” అన్నాను. చివరికి సరేనంది.

తడిచీరతోనే డాక్టరుగారి గదికెళ్ళాను. “రేపు కత్తి పట్టేముందు ఆ పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగండి.” ఈసారి ఆయన నవ్వలేదు. ఆపరేషనుకి పాతగుడ్డలు ఉడకబెట్టాలని చెప్పి అత్తగారిని పెరట్లో కాగు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరుగారు ఆ పిల్లతో అరగంట మాట్లాడారు. మూర్ఛకి రోజూ వేసుకునే బిళ్ళలున్నాయని, చాలామందికి తగ్గుతుందని, అది తప్పు కాదని, దాచి మందు వెయ్యకపోవడమే ప్రమాదమని చెప్పారట. అన్నకి చెప్పాల్సింది మాత్రం నువ్వేనన్నారట. ఆపరేషను వాయిదా వేశారు.

సోమవారం వరండా బల్ల మీద కూర్చుని అన్నకి చెప్పింది. నేను అక్కడే నేల తుడుస్తున్నాను. ఆ వరండా అంతసేపు ఎన్నడూ తుడవలేదు. అన్న లేచి అత్తగారి దగ్గరికెళ్ళాడు.

“అత్తయ్యా, ఆ పిల్లకి మందేమన్నా ఇప్పిస్తున్నారా?”

“మందేంటి? ఎవరికి?”

“పొయ్యి దగ్గర పడ్డ పిల్లకి.”

ఆమె కోడలి వైపు చూడలేదు, నా వైపు చూసింది. “దొడ్లు కడిగేదానివి, మా ఇంటి గుట్టు కడగడానికి నువ్వెవతివే?”

“ఏదైనా కడగడమేగా అమ్మా నా పని,” అన్నాను.

“ఆమెనెందుకు అంటావు అత్తయ్యా,” అన్నాడు అన్న. “మా చెల్లిని ఒక్క మాటన్నా ఈ బండికే రేపల్లె తీసుకుపోతా. ముందు ఆ పిల్లని ఇక్కడ చూపించండి. పెళ్ళి మాట తర్వాత.”

అత్తగారు కూలబడి ఏడ్చింది. ఆడపిల్ల తల్లి, ఆమె భయం ఆమెది.

నాగమణిని ఇంకో నాలుగు రోజులు ఉంచారు. అన్న రెండుసార్లు వచ్చాడు. ఒకసారి సన్నగా నొప్పి వచ్చి పోయింది, రెండోసారి రాలేదు. మంత్రం వేసినట్టు పోలేదు మరి. భర్త వచ్చి బాపట్ల తీసుకెళ్ళాడు. చెల్లెలి జబ్బు అతనికీ తెలుసట, అతనికీ అదే ఆజ్ఞ.

రెండు నెలలకి అత్తగారే కూతుర్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. పిల్ల చేతిలో బిళ్ళల పొట్లం చూశాను. ఆ పెళ్ళి అయిందో లేదో నాకు తెలియదు.

“లోపల పుండు లేదంటే నొప్పి లేదని కాదు వీరమ్మా,” అన్నారొకసారి డాక్టరుగారు. అట్లాగని అన్నిటికీ దిగులే కారణమని నేననను. మరుసటేడు ఇంకొకావిడకీ ఇదేననుకుని తెలివి చూపించబోయాను, గాల్ బ్లాడరులో గుప్పెడు రాళ్ళు తేలాయి. కనిపెట్టడం డాక్టర్ల పని. మనిషి ఎప్పుడు ముడుచుకుంటుందో చూడటం, పక్కన ఎవరూ లేనప్పుడు అడగడం, అడిగాక నా నోరు మూసుకోవడం నా పని. కడుపులో పెట్టుకోమని మళ్ళీ ఏ ఆడపిల్లకీ చెప్పలేదు.

ఇక ఆపు భారతీ. మొదటి నుంచీ ఒకసారి చదివి వినిపించు. ఆ పిల్ల పేరు నాగమణి కాదు, మార్చి చెప్పాను. ఎక్కడన్నా నోరు జారి అసలు పేరు అనేశానేమో, అంటే కొట్టేయించాలి. గట్టిగా చదువు, ఆ అసలు పేరు నీకు తెలియదు, నేనే విని పట్టుకోవాలి.