చేదు తెలియని నాలుక

జహనుమా నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే రాజలింగం పాతబస్తీ కాలేజీ ల్యాబులో అటెండరు. యూరియాలో గంధకం చేర్చి చేసిన ఒక రసాయనంలో కాగితాలు ముంచి, ఆరబెట్టి, చీలికలుగా కత్తిరించడం ఏటా అతని పని. ఆ చీలిక నాలుక మీద పెట్టుకుంటే కొందరికి భరించలేని చేదు, కొందరికి ఒట్టి కాగితం. జువాలజీ సారు క్లాసులో మొదట అతన్నే పిలుస్తారు. రాజలింగం ఖాకీ చొక్కా సర్దుకుని, తాపీగా చప్పరించి, "ఏం లేదు సార్" అంటాడు. "తల్లికీ తండ్రికీ చేదు తెలియకపోతే బిడ్డకూ తెలియదు" అని సారు పాఠం మొదలుపెడతారు.

నిన్న సరదాకి రెండు చీలికలు ఇంటికి పట్టుకెళ్లాడు. భార్య మాణిక్యమ్మ చప్పరించి, "ఏంది, ఉత్త కాయిదమే గదా" అంది. పదేళ్ల కూతురు మాత్రం ఉమ్మేసి ఏడ్చింది. రాజలింగం లేచి, బిడ్డ నోట్లో బెల్లం ముక్క పెట్టాడు.

ఇవాళ సారు పిలిచారు. చీలిక నాలుక మీద పెట్టుకుని, రాజలింగం మొహం చిట్లించాడు.

"మస్తు చేదున్నది సార్."