మేస్త్రీ వర్జ్యం, నా పందెం

రంగూన్‌లో నేను గెలిచిన వాదాలు చాలా ఉన్నాయి. వాటిలో సగం మరిచిపోయాను. అక్కడి లమ్మడా పేటలో ఒక ఆదివారం నోరు విప్పకుండా గెలిచినది మాత్రం మరిచిపోలేదు.

రేవులో మన కూలీల ముఠాను నడిపే మేస్త్రీ ఇంటికి పొడుగాటి వరండా ఉండేది. కూలీల ఆడవాళ్లకు అక్కడ ఆదివారాలు అక్షరాలు నేర్పుతానని ఎన్నిసార్లు అడిగానో! "ఆడోలికి సదువెందుకు సయా? బియ్యం బస్తాలమీద పేర్లు సదవడానికా?" అని నవ్వేవాడు. సయా అంటే బర్మా మాటలో గురువు. అతని నోట ఆ మాటలో గౌరవం ఎంతో, వెక్కిరింతా అంతే.

చివరికి తానే ఒక దారి చూపించాడు. "నీకు వాదన తెలుసు, నాకు పేకాట తెలుసు. గెలిస్తే వరండా నీది. ఓడితే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పట్టుబట్ట కట్టి కూకోవాల. కత అయినదాకా నోరిప్పకూడదు."

వ్రతాల మీద సభలు పెట్టి దుమ్మెత్తిపోసినవాణ్ని నేను. ఓడితే ఆ పీట మీద నన్ను చూడడానికి రేవంతా కదిలి వస్తుంది. అయినా ఒప్పుకున్నాను.

ఆట పోకర్. ఓడల వాళ్ల దగ్గర అందరూ నేర్చుకున్నదే. మనిషికి ఐదు ముక్కలు, పందానికి చింతపిక్కలు. ఎంత మంచి ముక్కలు పడినా ఒక విడతకు ఐదు పిక్కలకు మించి పెట్టకూడదు. అందువల్ల జబర్దస్తీ చెల్లదు. ఎదుటివాడు పెట్టినదానికి సమంగా కలపడమా, ఇంకో ఐదు పెంచడమా, ఆలోచన అంతా అక్కడే. గోడగడియారం ఐదు కొట్టేసరికి ఎవరి కుప్ప పెద్దదైతే గెలుపు వారిది.

మేస్త్రీకి ఒక నియమం ఉంది. వర్జ్యంలో ఏదీ మొదలుపెట్టడు. ఆ సమయంలో మంచి ముక్కలున్నా ఊరికే కలిపేవాడు, పందెం ఎత్తేవాడు కాదు. ఆ రోజు వర్జ్యం ఐదుకు ఐదు నిమిషాలుండగా పోతుందని ముందే ప్రకటించాడు. ముల్లు అక్కడికి చేరిందో లేదో మీసం దువ్వి ఐదు పిక్కలు ముందుకు తోశాడు. "ఎల్పోనాది! ఇప్పుడు రా సయా!"

నా చేతిలో మూడు జాకీలు. కుప్పలో నేను వెనకబడి ఉన్నాను. ఇదే చివరి ఆట అయ్యేలా ఉంది. ఊరికే కలిపితే, గెలిచినా అతని కుప్పను దాటలేను. పెంచి ఓడితే పట్టుబట్ట తప్పదు.

ఇంకో దారి కూడా ఉంది. అతని పంచాంగం స్వదేశంలో గుణించినది. అందులో ఉదయం నుంచి ఇన్ని ఘడియలు అంటే అక్కడి ఉదయం నుంచి. రంగూన్‌లో సూర్యుడు చాలా ముందే వస్తాడు. ఇతను ఇక్కడి ఉదయం నుంచే లెక్కపెట్టాడు. అతని శాస్త్రం ప్రకారమే వర్జ్యం ఇంకా పోలేదు! ఆ ఒక్క మాట అంటే చాలు, ముక్కలు కింద పెట్టి మొత్తం పందెంలోనే ఓటమి ఒప్పుకునేవాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా వచ్చే వరండా నాది కాదు, వర్జ్యానిది. నోరు మూసుకొని ఆలోచించాను. అతను పందెం ఎత్తింది ముక్కలు చూసి కాదు, గడియారం చూసి. అలాంటి పందానికి జడవడం ఎందుకు?

ఐదు కలిపి, మరో ఐదు పెంచాను.

"అబ్బో! సయాకి ఒంట్లో రగతం ఉంది!" అంటూ అతను సమంగా కలిపి ముక్కలు పరిచాడు. రాజులు రెండు, పదులు రెండు. నా మూడు జాకీలు వాటిని మించాయి.

కుప్ప నా వైపు లాక్కున్నాక అప్పుడు చెప్పాను సూర్యుడి సంగతి. మేస్త్రీ పంచాంగం తెప్పించి, వేళ్లమీద లెక్కవేసి, తొడ చరిచాడు. "అదీ సంగతి! వర్జ్యంలో ఎత్తీసినాను. అందికే ఓడిపోనాను!"

అతనితో మళ్లీ వాదించలేదు. తరవాతి ఆదివారం పలకలు పట్టుకొని ఆడవాళ్లు వచ్చారు. మేస్త్రీ భార్య ముందు వరసలో కూర్చుంది. అతను గుమ్మంలో నిలబడి, ఇక్కడి సూర్యుడికి సరిదిద్దిన పంచాంగంతో, "వర్జ్యం నేదు, మొదలెట్టు సయా" అన్నాడు.

అతను చెప్పకముందే నేను 'అ' దిద్దించడం మొదలుపెట్టాను.